బద్ధకం కాదని తెలిశాక

మొన్న ఆదివారం నా స్నేహితురాలు ఫోన్ చేసి, "నువ్వు వాడే ఆ బిళ్ళ పేరేంటో చెప్పవే, నాకూ ఈమధ్య పని మీద అస్సలు మనసు నిలవట్లేదు" అంది. పేరు చెప్పడానికి అర నిమిషం పట్టదు. కానీ చెప్పలేదు. "ముందు తీరిగ్గా కూర్చో, ఇది ఒక్క మాటలో తేలేది కాదు" అన్నాను. గంటన్నర మాట్లాడుకున్నాం. ఇదే ప్రశ్న ఈ రెండేళ్లలో ఇంకో ముగ్గురు అడిగారు కాబట్టి, దానికి చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. తెలుగులో ఏడీహెచ్‌డీ (మెదడు పనిచేసే తీరు వల్ల ధ్యాస నిలవని, కొందరిని ఒక్కచోట కుదురుగా ఉండనివ్వని సమస్య) గురించి వెతికితే నాకు దొరికిందంతా పిల్లల గురించే, మాలాంటి వయసు వాళ్లకు పనికొచ్చేది తక్కువ.

నేను విజయవాడలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. వయసు 39. రెండేళ్ల క్రితం నాకు ఏడీహెచ్‌డీ ఉందని తేలింది. అల్లరి చేసే, ఒక్కచోట కూర్చోని రకం కాదు. కూర్చునే ఉంటాను, ధ్యాస మాత్రం అక్కడ ఉండదు, ఆ రకం.

నా పని తెలిసినవాళ్లకు నెలలో 11, 20 తారీఖులంటే ఏంటో తెలుసు. 11న జీఎస్టీఆర్-1, 20న జీఎస్టీఆర్-3బీ, అంటే క్లయింట్ల జీఎస్టీ రిటర్నులు వేయాల్సిన ఆఖరు తేదీలు. పని రాక కాదు, పదిహేనేళ్లుగా చేస్తున్న పనే. ఒక క్లయింట్ ఫైలు తెరుస్తాను, బ్యాంకు స్టేట్‌మెంట్ కోసం మెయిల్ తెరుస్తాను, అందులో ఇంకో క్లయింట్ అడిగిన ప్రశ్న కనపడుతుంది, దానికి జవాబు సగం రాసేసరికి దానికి కావాల్సిన ఇన్‌వాయిస్ ఎవరి దగ్గరుందో అడగడానికి లేస్తాను, అక్కడ మాటల్లో పడతాను, తిరిగొచ్చి చూస్తే గంట అయిపోయి ఉంటుంది, మొదటి ఫైలు ఎందుకు తెరిచానో గుర్తుండదు. 20వ తారీఖు రాత్రి పదకొండింటికి మాత్రం ఎక్కడలేని ధ్యాస వచ్చి ఆరు రిటర్నులు వేసేదాన్ని. ఒకటో రెండో మిగిలిపోయేవి. లేటు ఫీజు రోజుకు 50 రూపాయలు. చాలాసార్లు నా జేబులోంచే కట్టాను. డబ్బు సంగతి అలా ఉంచితే, క్లయింట్‌కు ఫోన్ చేసి "సైటు ఓపెన్ అవలేదండీ" అని అబద్ధం చెప్పడం, అది నన్ను లోపల తినేసింది.

ఇంట్లో దీనికి అందరూ పెట్టిన పేరు బద్ధకం. నేనూ అదే అనుకున్నాను. బద్ధకం అయితే 20వ తారీఖు రాత్రి అంత పని ఎలా చేస్తాను అని ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

నేను మొదట వెళ్లింది సైకియాట్రిస్ట్ దగ్గరకు కాదు, మా వీధి చివర జనరల్ డాక్టర్ దగ్గరకు, నీరసం అని. ఆయన థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12 పరీక్షలు రాశారు. థైరాయిడ్ బాగానే ఉంది, బీ12 బాగా తక్కువ వచ్చింది (మేం శాకాహారులం). ఇంజెక్షన్లు చేయించుకుని మూడు నెలలు మందు వాడాను, ఒంట్లో ఓపిక వచ్చింది, కాళ్ల తిమ్మిర్లు తగ్గాయి. ధ్యాస మాత్రం ఎక్కడిదక్కడే. ఆ మూడు నెలలు దండగయ్యాయని నేననుకోవడం లేదు. మనసు నిలవకపోవడానికి కారణాలు చాలా ఉంటాయి: రక్తహీనత, థైరాయిడ్, గురకపెట్టి రాత్రంతా నిద్ర తెగిపోయే స్లీప్ ఆప్నియా, డిప్రెషన్, ఆందోళన, చివరికి రోజూ ఐదు గంటల నిద్ర. వీటిలో ఏదైనా ఉంటే ముందు దానికి వైద్యం జరగాలి, లేకపోతే వేరే మందు మింగి అసలు జబ్బును దాచిపెట్టుకున్నట్టు అవుతుంది. నా స్నేహితురాలికి పేరు చెప్పకపోవడానికి మొదటి కారణం ఇదే. తనకు "ఈమధ్య" మొదలైంది. నాకు ఈమధ్య కాదు, ఎప్పుడూ ఉన్నదే. ఈ తేడా డాక్టర్లకు చాలా పెద్ద విషయం.

తర్వాత వెళ్లిన సైకియాట్రిస్ట్ మేడం మొదట ఒక కాగితం ఇచ్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఏఎస్ఆర్ఎస్ అనే ప్రశ్నావళి, మొదటి భాగంలో ఆరు ప్రశ్నలే ఉంటాయి. ఇంటర్నెట్‌లోనూ దొరుకుతుంది. కానీ అందులో మార్కులు ఎక్కువ వచ్చినంత మాత్రాన జబ్బు ఉందని కాదు, ఇంకా లోతుగా చూడాలని మాత్రమే, అని ఆవిడ రెండుసార్లు చెప్పారు. ఆ తర్వాత ఆవిడ అడిగినవన్నీ చిన్నప్పటి సంగతులే. మానసిక జబ్బులను నిర్ధారించడానికి డాక్టర్లు వాడే డీఎస్ఎం-5 పుస్తకం ప్రకారం పెద్దవాళ్లలో కనీసం ఐదు లక్షణాలు ఉండాలి, వాటిలో కొన్ని పన్నెండేళ్ల లోపే కనపడి ఉండాలి, ఇంట్లోనూ పనిలోనూ రెండు చోట్లా ఇబ్బంది పెట్టాలి. "మీ చిన్నప్పటి ప్రోగ్రెస్ కార్డులు ఏమైనా ఉన్నాయా?" అని అడిగారు.

తెనాలిలో అమ్మకు ఫోన్ చేశాను. అమ్మ అటక మీది రేకు పెట్టె దింపించి, నా పెళ్లి ఫొటోల కింద నుంచి మూడు కార్డులు తీసి పంపింది. అంచులు చెదపురుగు కొట్టేసింది. నాలుగో తరగతి కార్డులో లెక్కల్లో 88, తెలుగులో 91, కింద టీచరు ఎర్రసిరాతో రాసిన మాట: "తెలివి ఉంది. పాఠం వినదు. కిటికీలోంచి చూస్తుంది." ఐదో తరగతిలో: "పెన్సిళ్లు, పుస్తకాలు పోగొట్టుకుంటుంది." ముప్ఫై ఏళ్లు ఆ పెట్టెలో పడి ఉంది ఆ కాగితం. డాక్టరు గారి ముందు చదువుతుంటే గొంతు పూడుకుపోయింది. మార్కులు వచ్చే, అల్లరి చేయని ఆడపిల్లలను ఎవరూ పట్టించుకోరు, అందుకే నాలాంటి వాళ్లు ముప్ఫైలు నలభైల్లో బయటపడతారు అన్నారావిడ.

ఇక మందుల సంగతి.

నాకు రాసింది మిథైల్‌ఫెనిడేట్. కొత్త మందేం కాదు, 1944లో స్విట్జర్లాండ్‌లో సీబా కంపెనీ రసాయన శాస్త్రవేత్త లియాండ్రో పానిజాన్ తయారుచేశాడు, భార్య రీటా పేరు మీదే దానికి రిటాలిన్ అని పేరొచ్చింది. మెదడులో డోపమిన్, నార్‌అడ్రినలిన్ అనే రసాయనాలు విడుదలయ్యాక మళ్లీ వెంటనే వెనక్కి పీల్చుకుపోకుండా ఆపుతుంది. మామూలు బిళ్ళ మూడు నాలుగు గంటలు పనిచేస్తుంది, మెల్లగా విడుదలయ్యే రకం ఎనిమిది నుంచి పన్నెండు గంటలు. చిన్న మోతాదుతో మొదలుపెట్టి వారం వారం చూసుకుంటూ పెంచుతారు. నాకు బరువును బట్టి కాకుండా, పనితీరును, ఇబ్బందులను చూసి మోతాదు తేల్చారు, దానికి ఆరు వారాలు పట్టింది. రాయకముందు ఈసీజీ తీయించారు, బీపీ, పల్స్ చూశారు, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చిందా, బైపోలార్ (కొన్నాళ్లు విపరీతమైన ఉత్సాహం, కొన్నాళ్లు దిగులు ఉండే జబ్బు) ఉందా, తాగుడు అలవాటు ఉందా అని అడిగారు. ఇవేవీ అడగకుండా రాసే డాక్టరు దగ్గరకు వెళ్లకండి.

బిళ్ళ కొనడమే ఒక పరీక్ష. ఇది షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే అమ్మకం మీద గట్టి ఆంక్షలున్న జాబితాలోది. చీటీ రెండు ప్రతులు కావాలి, ఒకటి షాపువాళ్లు రెండేళ్లు దాచుకోవాలి. అందుకని చాలా షాపులు అసలు పెట్టుకోవు. మొదటి షాపులో చీటీ చూసి నా మొహం చూసి "మా దగ్గర ఇలాంటివి ఉండవమ్మా" అన్నాడు, ఆ "ఇలాంటివి" నాకు గుచ్చుకుంది. రెండో షాపులో లేదు, మూడో షాపులో లేదు. చివరికి ఒక పెద్దాసుపత్రి పక్కన షాపులో పెద్దాయన రెండో కాపీ తీసుకుని, రిజిస్టర్‌లో నా పేరు, అడ్రసు రాసుకుని, "భోంచేసి వేసుకోండమ్మా, సాయంత్రం పూట వద్దు, నిద్ర పట్టదు" అని చెప్పి ఇచ్చాడు. ఆయనకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను. ఇంకో సంగతి, 2020లో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం షెడ్యూల్ ఎక్స్ మందులను వీడియో కాల్‌లో రాయడానికి వీల్లేదు. ఆన్‌లైన్ కన్సల్టేషన్‌కు డబ్బు కట్టి తర్వాత బాధపడేవాళ్లు ఉంటారు, అందుకే చెప్తున్నాను. నేరుగా వెళ్లాల్సిందే.

మొదటి వారం పెద్దగా ఏమీ తెలియలేదు. మోతాదు పెంచిన రెండో వారంలో ఒకరోజు, ఒక స్టీల్ వ్యాపారి కొనుగోళ్ల రిజిస్టర్‌ను 2బీతో (అమ్మినవాళ్లు చూపించిన బిల్లులతో జీఎస్టీ సైటు ఇచ్చే పట్టిక) పోల్చి చూస్తున్నాను. నూట నలభై పైచిలుకు ఇన్‌వాయిస్‌లు. ఒక్కోటీ టిక్ పెట్టుకుంటూ పోతున్నాను, పక్క సీటులో ఫోన్ మోగింది, విన్నాను, మోగుతోందని తెలిసింది, కానీ లేవాలనిపించలేదు. చివరి లైను టిక్ పెట్టి టైము చూస్తే గంటా పది నిమిషాలు. మధ్యలో ఎక్కడా లేవలేదు. నాకు తెలిసి నా జీవితంలో మొదటిసారి. ఉత్సాహం పొంగుకు రావడం, మత్తు, అలాంటివేం లేవు. పని పనిలాగే ఉంది. దాని దగ్గర ఉండగలిగాను, అంతే.

చెడ్డ సంగతులు కూడా చెప్పాలి. ఆకలి చచ్చిపోయింది, మధ్యాహ్నం డబ్బా అలాగే ఇంటికి తెచ్చేదాన్ని, రెండు నెలల్లో మూడు కిలోలు తగ్గాను. ఇప్పుడు పొద్దున్నే పెసరట్టో, పప్పుచారు అన్నమో గట్టిగా తినేసి అప్పుడు వేసుకుంటున్నాను. సాయంత్రం ఐదున్నరకు మందు దిగిపోయే వేళ విపరీతమైన చిరాకు వచ్చేది, ఆ వేళకే మా అబ్బాయి స్కూలు నుంచి వచ్చి కబుర్లు చెప్తాడు. ఒకరోజు వాడి మీద అరిచాను, వాడు బ్యాగు అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. డాక్టరు గారికి అది చెబితే మామూలు బిళ్ళ మాన్పించి మెల్లగా విడుదలయ్యే రకానికి మార్చారు, బాగా తగ్గింది. పల్స్ కాస్త పెరిగింది, అందుకే మూడు నెలలకోసారి చూపించుకుంటాను. 2023లో స్వీడన్ నుంచి వచ్చిన ఒక పెద్ద పరిశీలనలో ఈ మందులు ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బీపీ సమస్య కొంత ఎక్కువగా కనిపించింది. భయపడి మానేయాల్సిన విషయం కాదు కానీ, బీపీ చూపించుకోకుండా వాడాల్సిన మందు మాత్రం కాదు.

డల్లాస్‌లో ఉన్న మా పెద్దమ్మ కూతురికి కూడా ఇదే. తను వాడేది ఆంఫెటమిన్ రకం, అక్కడ ఎక్కువగా రాసేది అదే. పెద్దవాళ్లలో తక్కువ కాలానికి చూస్తే అవే కాస్త ఎక్కువ పనిచేస్తాయని 2018లో 133 ప్రయోగాలను కలిపి చూసిన విశ్లేషణలో తేలింది. తను ప్రేమగా "వచ్చేటప్పుడు నీకో డబ్బా తేనా?" అంది. వద్దే వద్దన్నాను. అది ఇక్కడ మత్తుమందుల చట్టం కిందికి వచ్చేది, పైగా ఒకరి మోతాదు ఇంకొకరికి సరిపడదు. దయచేసి ఎవరూ ఎవరి బిళ్ళలూ పంచుకోవద్దు.

మా చిన్నాన్న కొడుకు సంగతి వేరు. (ఇది కుటుంబాల్లో బాగా నడుస్తుంది, కవలల మీద జరిగిన అధ్యయనాలు వంశపారంపర్యం పాలు 70 నుంచి 80 శాతం దాకా లెక్కగట్టాయి.) వాడికి ఆందోళన ఎక్కువ, మిథైల్‌ఫెనిడేట్ వేస్తే చేతులు వణికి గుండె దడదడలాడింది. వాడికి అటమాక్సెటిన్ ఇచ్చారు, అది షెడ్యూల్ ఎక్స్ కాదు, స్టిమ్యులెంట్ (మెదడును ఉత్తేజపరిచే రకం) కాదు, అలవాటు పడుతుందన్న భయం లేదు. అయితే దాని ప్రభావం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. వాడు మూడో వారానికే "నన్నింకెవరూ అడగొద్దు, ఇది పనిచేయదు" అని ఆపేయబోయాడు. పరగడుపున వేసుకోవడంతో వాంతి వచ్చినట్టు ఉండేది కూడా. అన్నం తిన్నాక వేసుకోమన్నారు, ఆగాడు, రెండో నెలలో తేడా తెలిసింది. ఇవి రెండూ సరిపడనివాళ్లకు బుప్రోపియాన్ లాంటివి కొందరు డాక్టర్లు వాడతారు, డిప్రెషన్ కూడా ఉన్నవాళ్లకు ముఖ్యంగా.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. బిళ్ళ వేసుకున్న మొదటి నెలలో ఒక మధ్యాహ్నం నేను మూడు గంటలు కదలకుండా కూర్చుని ఆఫీసు కంప్యూటర్లో ఫోల్డర్ల పేర్లన్నీ మార్చి సర్దాను. అద్భుతమైన ధ్యాస. ఆరోజు వేయాల్సిన రిటర్ను వేయలేదు. మందు ధ్యాసను ఇస్తుంది, దాన్ని దేని మీద పెట్టాలో మందుకు తెలియదు. ముప్ఫై ఏడేళ్లు వాయిదా వేయడం, దాచిపెట్టడం, చివరి రాత్రి భయంతో పరుగెత్తడం అలవాటైన మనిషిని నేను. ఆ అలవాట్లు బిళ్ళతో పోవు.

దానికే సీబీటీ అనే మాటల వైద్యం. చిన్నప్పటి బాధలు చెప్పుకుని ఏడవడం కాదు ఇది, దాదాపు ట్యూషన్ లాంటిది. 2010లో అమెరికాలో స్టీవెన్ సాఫ్రెన్ బృందం మందు వాడుతూ కూడా ఇబ్బంది పడుతున్న 86 మందిని తీసుకుని సగం మందికి ఈ శిక్షణ, మిగతా సగానికి రిలాక్సేషన్ నేర్పించింది. 12 సెషన్లు. శిక్షణ తీసుకున్నవాళ్లు ఎక్కువ బాగుపడ్డారు. నేను చేసింది కూడా పన్నెండు వారాలే, ఒక క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గర. సైకాలజిస్ట్ మందులు రాయరు, సైకియాట్రిస్ట్‌కు ఇంత సేపు కూర్చోబెట్టే తీరిక ఉండదు, ఇద్దరూ కావాలి. సైకాలజిస్ట్‌కు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

మొదటి నాలుగు వారాలు ఒకే ఒక్క పని: ఒక నోటు పుస్తకం, ఒక క్యాలెండర్. గోడ మీద ఒకటి, ఫోన్లో ఒకటి, పాత కవర్ల వెనక రాసుకున్నవి, అన్నీ బంద్. ఏ పని తోచినా ఆ పుస్తకంలోకే. పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడాలి. చూడడం మర్చిపోతాను కదా అంటే, "రోజూ మర్చిపోకుండా చేసేది ఏముంది?" అని సైకాలజిస్ట్ అడిగారు. కాఫీ. పుస్తకం ఇప్పుడు కాఫీ డబ్బా పక్కనే ఉంటుంది.

ఆ తర్వాత నేర్పించింది నాకు అన్నింటికంటే ఉపయోగపడింది. విసుగు పుట్టే పని చేస్తూ మనసు మొదటిసారి పక్కకు వెళ్లేదాకా ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి కొలవమన్నారు. నాకు పదకొండు నిమిషాలు వచ్చింది. చాలా సిగ్గనిపించింది. ఆవిడ మాత్రం "మంచిది, అయితే పదకొండు నిమిషాల ముక్కలు చేద్దాం" అన్నారు. టైమర్ పదకొండు నిమిషాలకు పెట్టాలి, మధ్యలో ఏం గుర్తొచ్చినా, గ్యాస్ బుక్ చేయాలి, అత్తయ్య మందులు అయిపోయాయి, ఏదైనా సరే, పక్కనున్న కాగితం మీద ఒక్క ముక్క రాసి మళ్లీ పనిలోకి రావాలి. టైమర్ మోగాక కాగితం చూసుకోవచ్చు. మోగేసరికి అందులో సగం అంత అర్జెంటేం కాదని తెలిసిపోతుంది. ఇప్పుడు నా ముక్క ఇరవై రెండు నిమిషాలు. పెద్ద పనిని కూడా అలాగే విరగ్గొట్టుకుంటాను. "ఆడిట్ ఫైల్ పూర్తి చేయాలి" అని రాస్తే నేను దాని దగ్గరకు పోను. "ఫైల్ తెరిచి బ్యాంకు పేజీలు విడిగా తీయాలి" అని రాస్తే పోతాను.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. పొద్దున్న కాలవ గట్టు మీద నలభై నిమిషాలు నడుస్తాను, నడిచిన రోజుకూ నడవని రోజుకూ నాకు తేడా తెలుస్తుంది. రాత్రి ఫోన్ వంటింట్లో ఛార్జింగ్ పెట్టి పడుకుంటాను. ధ్యానం కొందరికి బాగుంటుంది, నాకు నడకే బాగుంది. సరస్వతి లేహ్యం అమ్మ తృప్తి కోసం చిన్నప్పుడు తిన్నాను, ఏడీహెచ్‌డీకి అది వైద్యం అని మాత్రం నేను నమ్మను. తలకు వైర్లు పెట్టి చేసే న్యూరోఫీడ్‌బ్యాక్ కోసం ఒక సెంటర్ వాళ్లు నలభై సెషన్ల ప్యాకేజీ చెప్పారు, చాలా ఖరీదు. ఉత్తుత్తి పరికరంతో పోల్చి జాగ్రత్తగా చేసిన ప్రయోగాల్లో దాని గొప్ప నిలబడలేదని మేడం చెప్పారు, మానుకున్నాను.

డబ్బు కష్టంగా ఉన్నవాళ్లకు: హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి, పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే టెలీ మానస్ నంబరు 14416, 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఇన్సూరెన్సు కంపెనీలు మానసిక జబ్బులకు కూడా మిగతా జబ్బులతో సమానంగా పాలసీ ఇవ్వాలి, పాలసీ తీసుకునేటప్పుడు దీని గురించి అడగండి.

ఇంట్లో చెప్పడం ఆలస్యం చేశాను. అత్తయ్య బిళ్ళల పెట్టె చూసి "ఇవి అలవాటైపోతాయంటగా అమ్మాయ్, ఒకసారి మొదలెడితే మానలేరంటగా" అని భయపడ్డారు. ఆవిడ భయం ఊరికే కాదు, దుర్వినియోగం జరిగే మందే కాబట్టే అంత కట్టుదిట్టం. ఆవిడనూ ఒకసారి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాను. చెప్పిన మోతాదులో, చూపించుకుంటూ వాడితే ఆ ప్రమాదం తక్కువని, మా మేడం సంవత్సరానికోసారి కొన్నాళ్లు ఆపి ఇంకా అవసరమా అని చూస్తారని విన్నాక కుదుటపడ్డారు. ఇప్పుడు పొద్దున్న "టిఫిన్ తిని వేసుకున్నావా?" అని అడిగేది ఆవిడే.

ఇప్పటికీ అన్నీ సర్దుకోలేదు. పోయిన నెల ఒక రిటర్ను ఒక రోజు ఆలస్యమైంది. ఈసారి క్లయింట్‌కు ఫోన్ చేసి "నా పొరపాటండీ, యాభై రూపాయలు నేను కడతాను" అన్నాను. సైటు మీద నెట్టలేదు.

పోయిన వారం అమ్మ వచ్చింది. రాత్రి వంటింట్లో పాలు స్టవ్ మీద పెట్టి, పూలు కట్టడానికి వెళ్లి, దారం కోసం బీరువా తీసి, పాత చీరలు మడతపెడుతూ కూర్చుంది. పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది, గ్యాస్ వాసనకు నేనే పరుగెత్తుకెళ్లి ఆపాను. కిటికీలు తీసి వచ్చి కూర్చుంటే, అమ్మ మడతలు పెట్టడం ఆపి మెల్లగా అంది: "ఆ ప్రోగ్రెస్ కార్డులో రాసిందంతా నా గురించి కూడానే. నన్ను మా నాన్న మొద్దు అనేవాడు."

అమ్మకు 66, బీపీ ఉంది, మందు ఇవ్వొచ్చో లేదో డాక్టరే చెప్పాలి. వచ్చే శనివారం నా అపాయింట్‌మెంట్‌కు తననూ తీసుకెళ్తున్నాను.